పది నిమిషాల స్వీటు

"ఇంటికి స్నేహితులు వచ్చినప్పుడు పది నిమిషాల్లో సులువుగా చేసుకోగల స్వీటు." ఈ వాక్యం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒకప్పుడు పత్రికల్లో వంటల పేజీకి నెత్తిన ఉండేది. ఇప్పుడు ఫోనులో వీడియో కింద ఉంటోంది. చోటు మారింది గాని మాట మారలేదు. ఈ వాక్యంతో నాకు పెద్ద తగాదా ఉంది. పది నిమిషాలన్నది అబద్ధం. సులువన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. ఇక 'స్నేహితులు' అన్న మాట సంగతి తర్వాత చెబుతాను, దానికి కాస్త ఓపిక కావాలి.

ముందు ఆ పది నిమిషాలు చూద్దాం. 'కావలసినవి' అని రాస్తారు కదా, అది చదవండి. తురిమిన కొబ్బరి ఒక కప్పు. వేయించి పొడిచేసిన జీడిపప్పు అరకప్పు. నానబెట్టి రుబ్బిన పెసరపప్పు ఒక గ్లాసు. చిక్కగా మరిగించిన పాలు అరలీటరు. ఇవన్నీ పెళ్ళిచూపులకి ముస్తాబైన పిల్లల్లా గిన్నెల్లో బుద్ధిగా కూర్చుని మనకోసం ఎదురుచూస్తూ ఉంటాయన్నమాట! నేను బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని. 'తురిమిన', 'రుబ్బిన', 'మరిగించిన' ఇలాంటివాటిని వ్యాకరణంలో ధాతుజ విశేషణాలంటారు. పని అయిపోయిందని చెబుతాయి, చేసిందెవరో మాత్రం చెప్పవు. మన వంటల సాహిత్యమంతా ఈ విశేషణాల మీదే బతుకుతోంది. కొబ్బరికాయ కొట్టిందెవరు? కోరాం ముందు కూర్చుని వేళ్ళు గీరుకున్నదెవరు? రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చి లేచి పప్పు నానబోసిందెవరు? లీటరు పాలు కోవా అవ్వాలంటే దగ్గరదగ్గర గంటసేపు అడుగంటకుండా కలుపుతూ నిలబడాలి. తీరా చేతికొచ్చేది పావుకిలో కూడా ఉండదు. ఆ గంట వీడియోలో కనబడదు, కత్తిరించేస్తారు. 'దగ్గరపడ్డాక దించుకోవాలి' అని ఒక్క ముక్క అంటారు, అయిపోయింది.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఎవరి రోజు ఎలా గడుస్తోందో లెక్క తీయించింది. జీతం లేని ఇంటిచాకిరీకి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారనీ, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు ఖర్చు పెడుతున్నారనీ తేలింది. 'చేసే మగవాళ్ళు' అన్నమాట గమనించారా? అసలు వేలుపెట్టని మహానుభావులు ఆ సగటులోకే రారు. అయిదు గంటల చాకిరీ మీద ఇంకో పది నిమిషాలేగా అంటే ఎలాగండీ? ఆ పది నిమిషాలు గంటన్నర అని ఇప్పుడే చెప్పుకున్నాం.

ఇంకొకటుంది, 'వేడివేడిగా' అన్న మాట. పూర్ణాలు వేడివేడిగా తినాలి. జిలేబీ వేడివేడిగా తినాలి. తినేవాళ్ళు వేడివేడిగా తినాలంటే, వేసేవాళ్ళు మూకుడు ముందు నిలబడే ఉండాలి. అందరూ తిన్నాక, చిట్టచివర, చల్లారి మెత్తబడ్డ రెండు పూర్ణాలు ఎవరి పళ్ళెంలోకి వస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎవరికీ అక్కర్లేని ఆ చిట్లిపోయినవి కూడా ఆవిడకే.

మా దగ్గరి బంధువు ఒకావిడ ఉంది. వంటలో దిట్ట. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు విజయనగరం నుంచి పనిగట్టుకుని రైలెక్కి వచ్చింది. వచ్చిన మనిషిని హాల్లో కూర్చోబెట్టి ఈవిడ వంటింట్లోకి వెళ్ళింది. "చెప్పవే, వింటున్నా" అని అక్కణ్ణుంచే కేక. అటు మూకుడులో నూనె కాగుతోంది, ఇటు పూర్ణం పిడచ కట్టాలి, వదిలిపెట్టి వచ్చే వీల్లేదు. ఆవిడేమో గుమ్మం దాకా రెండుసార్లు వచ్చి నిలబడింది. "నువ్విక్కడెందుకు, పొగ" అని పంపేసింది మావాళ్ళావిడ, ప్రేమగానే. స్నేహితురాలు మూడు పూర్ణాలు తిని, చాలా బాగున్నాయని మెచ్చుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. ఆవిడ చేతిసంచిలో డాక్టరుగారి రిపోర్టులు ఉన్నాయనీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ముందు ఈవిడకే చెబుదామని వచ్చిందనీ పదిరోజుల తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిసింది. పూర్ణాలు మాత్రం అమోఘంగా కుదిరాయట.

ఇప్పుడు 'స్నేహితులు' అన్న మాటకి వద్దాం. ఎవరి స్నేహితులండీ? నిజం చెప్పుకుందాం. ఆయన ఆఫీసు స్నేహితులు నలుగురు వస్తున్నారంటే డబుల్ కా మీఠా, గులాబ్‌జామ్, పైన జీడిపప్పు. మన స్నేహితురాలు వస్తే? "మనదేలే, ఏమీ అనుకోదు" అని టీ, నాలుగు బిస్కెట్లు. పాపం, ఆవిడా ఏమీ అనుకోదు. ఆవిడ ఇంట్లోనూ అదే కదా! కస్టర్డు పొడి కథ తెలుసా మీకు? 1837లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి కోడిగుడ్డు పడదని, గుడ్డు లేకుండా కస్టర్డు తయారయ్యే పొడి కనిపెట్టాడు. భార్య తినడానికి మొగుడు కనిపెట్టిన వస్తువది. మన వంటిళ్ళలోకి వచ్చేసరికి, మొగుడి స్నేహితులు తినడానికి భార్య కలిపే వస్తువైంది.

"అయితే ఏమంటావు, అన్నీ కొని తెచ్చేసుకోమంటావా?" అని మా అత్తగారి తరంవాళ్ళు దీర్ఘం తీస్తారు. కొన్నిటిని కొనుక్కోవలసిందే. ఆత్రేయపురం పూతరేకు ఇంట్లో చెయ్యాలని చూడటం సాహసం కాదు, చాదస్తం. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే పొర వస్తుంది. ఏళ్ళ తరబడి చేస్తేగాని ఆ చెయ్యి తిరగదు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చేతులు కూడా ఆడవాళ్ళవే, కాకపోతే వాళ్ళకి ఆ పనికి డబ్బు ముడుతుంది. తాపేశ్వరం కాజా కూడా అంతే. కొనండి, పెట్టండి. "కొన్నదా?" అని ఎవరైనా మూతి తిప్పితే "అవునండీ, బాగుంది కదూ!" అనండి.

ఇంట్లో చేసినదానికి విలువ లేదని నేననను. ఉంది గనకే ఇంత గొడవ. నేననేదల్లా, కాలింగ్‌బెల్ మోగేసరికి పొయ్యి ఆరిపోయి ఉండాలని. ఈ పరీక్షకి నిలిచినదే నా దృష్టిలో సులువైన స్వీటు, చెయ్యడానికి ముందురోజు రెండు గంటలు పట్టినా సరే.

సున్నుండలు నిలుస్తాయి. గ్లాసు మినప్పప్పుని సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక మరీ మెత్తగా కాకుండా పొడికొట్టి, ముప్పావు గ్లాసు బెల్లం తరుగు కలిపి, కరిగిన నెయ్యి అరగ్లాసు దాకా పోస్తూ ఉండ చుట్టడమే. వారం ముందు చేసినా చెడవు. పరమాన్నం కూడా పొద్దున్నే చేసి పెట్టుకోవచ్చు. కాకపోతే బెల్లం విషయంలో జాగ్రత్త. పాలు మరుగుతుండగా వేస్తే విరుగుతాయి. దించి, కాస్త చల్లారనిచ్చి, విడిగా కరిగించి వడగట్టిన బెల్లం అప్పుడు కలపాలి. (చూశారా, నేనూ 'వడగట్టిన' అనేశాను! ఆ రోగం అంటుకుంటుంది.) మామిడిపళ్ళ రోజుల్లో అయితే ఏమీ వద్దు. చెరొక రసం పండు, చెరొక గిన్నె, మోచేతుల దాకా కారనివ్వడం. స్నేహితురాలి ముందు మర్యాదేమిటి?

నా ఓటు మాత్రం ఖుబానీ కా మీఠాకే. హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. పావుకిలో ఎండు ఖుబానీలు, గింజతో ఉన్నవే, కడిగి రాత్రి మునిగేలా నీళ్ళలో వేసి నిద్రపోండి. పొద్దున్న గింజలు తీసేసి, ఆ నీళ్ళతోనే మెత్తబడేదాకా ఉడికించి, గరిటెతో మెదిపి, నూరు గ్రాముల పంచదార వేసి దగ్గరపడ్డాక దించండి. గింజలు పగలగొడితే లోపల బాదంపప్పులాంటి పప్పుంటుంది. తియ్యగా ఉంటే నాలుగు పైన వెయ్యండి, చేదుగా ఉంటే పారెయ్యండి. గింజలు పగలగొట్టే పని మాత్రం మీవారికి అప్పజెప్పండి, ఆయన 97 నిమిషాల్లో అదొక అయిదు. చల్లగా, పైన చెంచాడు మీగడ వేసి ఇవ్వడమే.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులుంటుంది. మిగలదులెండి.