ఓడ ఎక్కటానికి తాకట్టు ఎందుకు?

హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన అమ్మాయి విహార నౌకలో ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే మన ఇళ్లల్లో రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది, "ఆడపిల్లవి, నడిసముద్రంలో నెలల తరబడి ఎవరున్నారని వెళ్తావు?" రెండోది, డబ్బు అవసరం ఉన్న ఇళ్లల్లో, "సరే, ఏజెంటుకి ఎంత కట్టాలట?" మొదటి జవాబు మీద మనం చాలా రాసుకున్నాం, చాలా పోట్లాడాం. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పైకి అది అమ్మాయికి అనుకూలంగా కనిపిస్తుంది కాబట్టి. నా ఉద్దేశంలో ఎక్కువ ప్రమాదం ఉన్నది అందులోనే.

ఆ ప్రశ్నకు చట్టం చెప్పే సమాధానం "ఏమీ కట్టక్కర్లేదు" అని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మిక ఒడంబడిక 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఓడలో ఏ హోదాలో పనిచేసినా సరే, ఆ ఒడంబడిక దృష్టిలో వాళ్లు నావికులే. గదుల్లో పక్కలు మార్చే అమ్మాయి, రిసెప్షన్‌లో నిలబడే అమ్మాయి, వంటింట్లో కూరగాయలు తరిగే అమ్మాయి, అందరూ. నావికుల దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు నేరుగా గానీ చాటుగా గానీ, మొత్తంగా గానీ కొంతగా గానీ రుసుము వసూలు చెయ్యకూడదని అందులో స్పష్టంగా ఉంది. అభ్యర్థి సొంతంగా భరించాల్సినవి మూడే: చట్టప్రకారం కావలసిన వైద్య ధ్రువపత్రం, సి.డి.సి. అనే నావికుల పుస్తకం, పాస్‌పోర్టు. వీసా ఖర్చు ఓడ యజమానిదే. అమెరికా రేవులకు పోయే ఓడకు కావలసిన సి-1/డి వీసా కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

గల్ఫ్‌కు పంపే లైసెన్సు ఏజెంటు 30,000 రూపాయలు, ఆపైన జి.ఎస్.టి. వరకు తీసుకోవచ్చు. ఓడకు పంపే ఏజెంటుకు ఆ వీలు లేదు. ఇతనికి లైసెన్సు ఇచ్చేది ముంబయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్. దాన్ని ఆర్.పి.ఎస్.ఎల్. అంటారు. ఇంత మంచి నిబంధన మన దగ్గర పెట్టుకుని, తల్లి గాజులు తాకట్టు పెట్టి "రిజిస్ట్రేషన్", "ప్రాసెసింగ్", "వీసా చార్జీ" అన్న పేర్లతో లక్షలు పోస్తున్నాం. రసీదు అడిగితే "కన్సల్టెన్సీ" అని రాసిస్తారు, లేదా అసలు ఇవ్వరు.

డబ్బు పోవటం ఒక్కటే అయితే నేనింత రాయను. మన సంస్థల దగ్గర పనిచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు: అప్పు చేసి కొనుక్కున్న ఉద్యోగంలో నోరు లేవదు. సూపర్‌వైజరు చెయ్యి పట్టుకున్నాడనుకోండి. కొనుక్కోని ఉద్యోగంలో ఉన్న అమ్మాయి ఫిర్యాదు చేస్తుంది, కుదరకపోతే ఇంటికి వచ్చేస్తుంది. తాకట్టు మీద వెళ్లిన అమ్మాయి ముందు వడ్డీ లెక్క చూసుకుంటుంది. ఇంకా ఎన్ని నెలలు ఓర్చుకోవాలో వేళ్ల మీద లెక్కపెడుతుంది. ఫిర్యాదు హక్కు కాగితం మీద రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఓడలోనే ఫిర్యాదు చేసుకునే పద్ధతి ఉండాలని, అక్కడ న్యాయం జరక్కపోతే ఓడ ఆగిన రేవులోని అధికారులకు చెప్పుకోవచ్చని ఆ ఒడంబడికే అంటోంది. ఆ హక్కును వాడుకునే ధైర్యాన్ని ఏజెంటు మన ఊళ్లోనే, ఆమె ఓడ ఎక్కకముందే లాగేసుకుంటున్నాడు.

ఇది మనకు కొత్త కథ కాదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లిన ఇంటిపని స్త్రీల కథే. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలంది. ఆ నిబంధనతో ప్రయాణాలు ఆగలేదు, విజిటింగ్ వీసాల దారి పట్టాయి. స్త్రీలకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా స్త్రీలనే ఆపటం మన పాలకులకు అలవాటు. విహార నౌకల విషయంలోనైనా, ఎవరో ఒక అమ్మాయికి ఏదో జరిగాక "వెళ్లొద్దు" అనే మాట రాకముందే మనం మేలుకోవాలి.

అలాగని ఆ ఉద్యోగాన్ని నేను ఆకాశానికెత్తటం లేదు. రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు మించకూడదని పెట్టిన పరిమితిని చూస్తేనే పని ఎలాంటిదో అర్థమవుతుంది. సాధారణంగా కాంట్రాక్టు ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఆదివారం అనేది ఉండదు. 2020 ఫిబ్రవరిలో కరోనా వల్ల యొకోహామాలో నిలిపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో మన దేశపు సిబ్బంది 132 మంది ఉన్నారు. ప్రయాణికులను గదులు దాటవద్దన్నారు. ఆ గదులకు భోజనాలు మోసింది సిబ్బంది. పైగా, కార్మిక సంస్థ 2003లో వేసిన పుస్తకం ప్రకారం ప్రపంచ నావికుల్లో స్త్రీలు ఒకటి రెండు శాతమే, వాళ్లలోనూ 94 శాతం ప్రయాణికుల ఓడల్లోనే. అంటే సముద్రం మీద కూడా మనకు ఎక్కువగా దొరికింది ఇంటిపని లాంటి పనే. కెప్టెన్ రాధికా మేనన్ లాంటివాళ్లది వేరే దారి. 2015లో తుఫాను గాలుల్లో మునిగిపోతున్న పడవ నుంచి ఏడుగురు జాలర్లను కాపాడింది ఆమె నడిపిన ఆయిల్ ట్యాంకరే. ఆ దారి గురించి మన ఆడపిల్లలకు ఇంటర్‌లోనే చెప్పేవాళ్లు ఉండాలి.

అయినా, జీతం చేతికొచ్చే ఉద్యోగం కావాలని ఒక అమ్మాయి నిర్ణయించుకుంటే దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పటం మన పని. బయోడేటా ఒక్క పేజీ చాలు, కానీ ఏ పోస్టుకో అందులో ఉండాలి. "కష్టపడి పనిచేస్తాను" అని రాస్తే ఎవరూ చూడరు. "రోజుకు 14 గదులు సర్దాను", "రెండు వందల మంది విందులో వడ్డించాను" అని రాస్తే చూస్తారు. స్టార్ హోటల్లో ఒకటి రెండేళ్ల అనుభవం ఉంటే పిలుపు త్వరగా వస్తుంది. చాలా కంపెనీలు 21 ఏళ్లు నిండాలంటాయి. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుంది, ఎక్కువగా వీడియో మీద. వ్యాకరణం కన్నా, కోపంగా ఉన్న ప్రయాణికుడితో ఎలా మాట్లాడతావన్నదే చూస్తారు. నీళ్లలో ప్రాణరక్షణ, మంటలార్పటం, ప్రథమ చికిత్స వంటి ప్రాథమిక భద్రతా శిక్షణ పది పన్నెండు రోజులది, డైరెక్టరేట్ గుర్తించిన సంస్థలోనే చెయ్యాలి. ఏజెంటు ఫలానా చోటే చెయ్యాలని పట్టుబడితే అక్కడ అతనికి కమిషన్ ఉందేమోనని అనుమానించవచ్చు.

"పెళ్లెప్పుడు? ఇంట్లో ఒప్పుకున్నారా?" అని అడుగుతారు. మగపిల్లలను ఇలా అడగరు. "కాంట్రాక్టు పూర్తి చేస్తాను" అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు. మెడికల్‌లో చాలాచోట్ల గర్భపరీక్ష కూడా చేస్తారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన స్త్రీకి ఆ పరీక్ష పెట్టటాన్ని 2000 నాటి మాతృత్వ రక్షణ ఒడంబడిక కొన్ని మినహాయింపులతో నిషేధించింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. దాని మీద వేరే వ్యాసమే రాయాలి.

ఆఫర్ లెటరు వచ్చిందని స్వీట్లు పంచేముందు ఏజెంటు ఆర్.పి.ఎస్.ఎల్. నంబరు డైరెక్టరేట్ వెబ్‌సైటులో ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో చూడాలి. పెద్ద కంపెనీ పేరుతో జిమెయిల్ నుంచి ఉత్తరం వస్తే నమ్మక్కర్లేదు. ఒప్పందం సంతకం పెట్టేముందు చదువుకోవటానికి, తెలిసినవాళ్లను సలహా అడగటానికి సమయం ఇవ్వాలన్నది కూడా ఒడంబడికలో ఉన్న హక్కే. "ఈ రాత్రికే సంతకం పెట్టాలి" అనేవాడు ఆ హక్కును మింగేస్తున్నాడు. మూల జీతం ఎంత, టిప్పులు ఎంత, ఓడ మీద ఏ దేశపు జెండా ఉంది, కాంట్రాక్టు అయ్యాక తిరుగు టిక్కెట్టు ఎవరిది? ఇవి అందులో వెతకాలి. తిరుగు ప్రయాణం ఖర్చు యజమానిదే.

విశాఖలో విహార నౌకల టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. నౌకలు వస్తే ఉద్యోగాల మాటతో పాటు ఏజెంట్లూ వస్తారు. "ఓడ ఉద్యోగానికి ఏజెంటుకు డబ్బు కట్టనక్కర్లేదు" అని తెలుగులో రాసిన ఒక కాగితం విశాఖ, కాకినాడ, రాజమండ్రి, హైదరాబాద్ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల నోటీసు బోర్డుల మీద ఉండాలని మన జిల్లా సంఘాలు ప్రిన్సిపాళ్లను అడగాలి. రాసిచ్చేవాళ్లు లేరంటే మనమే రాసిద్దాం, అంటించటానికి జిగురు కూడా మనమే తీసుకెళదాం.