చేతికందే గిటారు

పుట్టినరోజుకి మేనమామ కొనిచ్చింది, పదో తరగతి సెలవుల్లో పట్టుబట్టి కొనిపించుకున్నది, క్రిస్మస్‌ పాటల కోసం తెప్పించింది... వచ్చిన దారి ఏదైతేనేం, చివరికి బీరువా పైకెక్కి దుమ్ము పట్టిన గిటార్లు చాలా ఇళ్ళలో కనిపిస్తాయి. 'వాడిది నాలుగు రోజుల ముచ్చటే. సంగీతం అబ్బే రకం కాదు' అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. విని విని పిల్లలు కూడా అదే నిజమనుకుంటారు. కానీ చాలాసార్లు లోపం పిల్లల్లో ఉండదు, గిటారులో ఉంటుంది. ఒళ్ళో ఇమడనంత పెద్దది, వేళ్ళు కోసుకుపోయేంత ఎత్తున తీగలున్నది చేతికిస్తే ఎంత ఇష్టమున్నవాళ్ళయినా నెల తిరక్కుండానే పక్కన పెట్టేస్తారు.

పాటంటే ప్రాణం పెట్టే ప్రాంతం ఇది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు పేరు తెచ్చుకున్నది తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతోనే. ఆ నాటకాలకు ఊపిరి పోసిన హార్మోనియం ఐరోపా నుంచి వచ్చిందే. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్‌ చేతిలో మాండొలిన్‌ ఏకంగా కచేరీ వాద్యమైపోయింది. కాబట్టి గిటారు మనది కాదనే బెంగ అక్కర్లేదు. సరైనది ఎంచుకోవడమే అసలు సంగతి. తక్కువ డబ్బుతో కొనేవాళ్ళకైతే అది మరీ ముఖ్యం. ఒకసారి చేతులు కాలితే ఇంట్లో రెండోసారి అడిగే ధైర్యం పిల్లలకుండదు.

చిన్నదంటే ఆటబొమ్మ కాదు

దుకాణంలో ముందుగా కనిపించేది పెద్ద బాడీ గిటారు. దాన్ని డ్రెడ్‌నాట్‌ అంటారు. 1906లో బ్రిటన్‌ నీళ్ళలోకి దించిన యుద్ధనౌక పేరది. అమెరికాకు చెందిన మార్టిన్‌ కంపెనీ 1916లో ఆ పేరుతో పెద్ద గిటారు తయారుచేసింది. అంతకుముందు గిటార్లన్నీ దాదాపు చిన్నవే. ఇంట్లో కూర్చుని వాయించుకోవడానికి అవే సరిపోయేవి. పెద్ద గుంపులో వినపడాలన్న అవసరంతోనే బాడీ పెరిగింది.

డ్రెడ్‌నాట్‌ అడుగుభాగం వెడల్పు సుమారు పదిహేనున్నర అంగుళాలు, లోతు దాదాపు అయిదు. చిన్న బాడీ గిటార్లకు వెడల్పు పదమూడు నుంచి పద్నాలుగున్నర, లోతు నాలుగు అంగుళాల చిల్లర. చూడటానికి తేడా కొంచెమే. ఒళ్ళో పెట్టుకుంటే మాత్రం బాగా తెలుస్తుంది. పెద్దదానిలో వినిపించే గంభీరమైన మంద్రస్వరం చిన్నదానిలో తగ్గుతుంది. బదులుగా ఒక్కో తీగ విడివిడిగా, స్పష్టంగా పలుకుతుంది. ఇంట్లో సాధనకు, పాడేవాళ్ళకు తోడుగా వాయించడానికి ఇదే నయం. వేలమంది ముందు పాడే ఇంగ్లండు గాయకుడు ఎడ్‌ షీరన్‌ ఏళ్ళ తరబడి వాయించింది 'లిటిల్‌ మార్టిన్‌' అనే బుల్లి గిటారునే!

ఎవరికి ఎంత?

దుకాణాల్లో గిటారును మొత్తం పొడవును బట్టి చెబుతారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు 34 అంగుళాలది, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు 36 అంగుళాలది, ఆపైన 38 నుంచి 40 అంగుళాలది నప్పుతుంది. చిన్న చేతులున్న పెద్దవాళ్ళకు కూడా 38 హాయిగా ఉంటుంది. డ్రెడ్‌నాట్‌ 41 అంగుళాల దాకా ఉంటుంది.

వయసు లెక్క ఉజ్జాయింపు మాత్రమే. నిజమైన కొలత కుర్చీలో కూర్చున్నాక తెలుస్తుంది. గిటారు మీదుగా కుడిచేయి వేసినప్పుడు భుజం పైకి లేవకూడదు. మొదటి ఫ్రెట్‌ పట్టుకోవడానికి ఎడమ మోచేయి పూర్తిగా చాచాల్సి రాకూడదు. ఈ రెండూ కుదిరితే అదే సైజు. 'ఎదిగే పిల్లాడు, పెద్దది కొంటే నాలుగేళ్ళు వస్తుంది' అన్న లెక్క చొక్కాలకు సరిపోతుంది గానీ గిటారుకు పనికిరాదు.

తీగల్లో తిరకాసు

గిటార్లు రెండు రకాలు. నైలాన్‌ తీగల క్లాసికల్‌ ఒకటి, ఉక్కు తీగల అకౌస్టిక్‌ ఒకటి. నైలాన్‌ వేళ్ళకు మెత్తగా ఉంటుంది, కానీ మెడ వెడల్పు ఎక్కువ. సినిమా పాటల్లో, చర్చి క్వయర్‌లో వినిపించే గలగల కావాలంటే ఉక్కు తీగలే.

ఒక్కటి మాత్రం మరవకూడదు. నైలాన్‌ గిటారుకు ఉక్కు తీగలు బిగించకూడదు. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాన్‌వి అందులో ఇంచుమించు సగమే. ఆ బరువుకు మెడ వంగిపోతుంది, బ్రిడ్జి ఊడి వస్తుంది. ఉక్కు తీగల గిటారు కొన్నవాళ్ళు మొదట్లో 10 నంబరు సన్న తీగలు వేయించుకుంటే వేళ్ళకు నొప్పి తగ్గుతుంది.

కొనేముందు నాలుగు పరీక్షలు

ఒకటి: తీగల ఎత్తు. వీణకు మెట్లున్నట్టే గిటారుకు ఫ్రెట్లుంటాయి. పన్నెండో ఫ్రెట్‌ దగ్గర ఆ లోహపు మెట్టుకూ లావు తీగకూ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే బాగు. మూడు దాటితే కష్టం. సున్నా అంచు దగ్గరే మొదలయ్యే స్కేలు ఒకటి జేబులో వేసుకెళితే చాలు.

రెండు: మెడ. తల వైపు నుంచి బ్రిడ్జి వైపుకి తుపాకి గురి చూసినట్టు ఒక కన్ను మూసి చూడాలి. కొంచెం లోతు ఉండొచ్చు. మెలి తిరిగి ఉంటే వద్దు.

మూడు: స్వరం. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌ మీదా నొక్కి మీటాలి. ఎక్కడైనా జిర్రుమంటే లోపమే. తీగను ఊరికే మీటినప్పటి స్వరం, పన్నెండో ఫ్రెట్‌ మీద నొక్కినప్పుడు పైస్థాయిలో అదే స్వరంగా పలకాలి. సెల్‌ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్‌ ఈ తేడా పట్టేస్తుంది.

నాలుగు: బిరడలు. తిప్పితే నెమ్మదిగా తిరగాలి, వదిలితే జారకూడదు. బ్రిడ్జి వెనక అంచు దగ్గర కాగితం దూరే సందు ఉంటే, అది ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టే.

తీగల ఎత్తు ఒక్కటే ఇబ్బంది అయితే బెంగపడక్కర్లేదు. బ్రిడ్జి మీదున్న తెల్లటి పట్టీని తీసి అడుగున అరగదీస్తే తీగలు దిగుతాయి. పట్టీ ఒక మిల్లీమీటరు తగ్గితే పన్నెండో ఫ్రెట్‌ దగ్గర అర మిల్లీమీటరు తగ్గుతుంది. తెలిసినవాళ్ళ చేతే చేయించాలి. ఎక్కువ అరిగితే పట్టీ మార్చాల్సి వస్తుంది.

ఎంతలో దొరుకుతుంది?

మూడు వేలు అటూఇటుగా 38 అంగుళాల గిటార్లు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. ఒకే పేరుతో ఉన్న రెండు గిటార్లలో ఒకటి బాగుండి, రెండోది బాగోకపోవచ్చు. కోల్‌కతాలో తయారయ్యే గివ్‌సన్‌ గిటార్లు కూడా తక్కువ ధరవే. అక్కడి నుంచి ఖర్చు పెంచగలిగితే యమహా లాంటివి. ఆ కంపెనీ చెన్నై ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలైంది. పేరులో అక్షరాలు గమనించాలి. ఎక్కువగా అమ్ముడయ్యే ఎఫ్‌310, ఎఫ్‌280 పెద్ద బాడీవి. 'ఎఫ్‌ఎస్‌' అని ఉంటే చిన్న బాడీ. జేఆర్‌2 ఇంకా చిన్నది, దాని తీగ పలికే పొడవు 540 మిల్లీమీటర్లే. ధరలు ఎప్పటికప్పుడు మారతాయి కాబట్టి రెండు మూడు చోట్ల అడగడం మంచిది.

ఉన్న డబ్బంతా గిటారు మీదే పెట్టెయ్యకూడదు. సంచి, ఒక జత అదనపు తీగలు, తీగల ఎత్తు సరిచేయించే కూలి... వీటికి కొంత పక్కన పెట్టుకోవాలి. అయిదు వేలుంటే నాలుగు వేల గిటారు కొని మిగతాది బాగుచేయించడానికి వాడటమే తెలివి.

రేపల్లె రైలైనా, బాపట్ల నుంచి వచ్చే రైలైనా తెనాలి మీదుగానే వెళ్ళేది. అక్కడి నుంచి గుంటూరు, విజయవాడ దగ్గరే. వాయించేవాళ్ళలో తెలిసినవారిని ఒకరిని, గిటారు ఎవరికోసమో ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పూట వెళ్ళిరావడం ఉత్తమం. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే పెట్టె విప్పి పరీక్షలన్నీ చేసేయాలి. మంచిరోజు చూసి తెరుద్దామని ఆగితే కుదరదు. వాపసు గడువు ముహూర్తం కోసం ఆగదు మరి!

పాతది కొనడం కూడా తప్పేం కాదు. ఇంజినీరింగ్‌ చివరి పరీక్షలు రాసి హాస్టలు ఖాళీ చేసే కుర్రాళ్ళను అడిగి చూడొచ్చు. పరీక్షలు మాత్రం అవే.

ఉప్పుగాలితో జాగ్రత్త

బాపట్లకు సూర్యలంక సముద్రం పక్కనే. రేపల్లె కృష్ణా తీరాన డెల్టా నేల. ఈ గాలిలో తేమెక్కువ. చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి. అందుకే ఈ ప్రాంతానికి, ఈ ధరలో ప్లైవుడ్‌ పైచెక్క ఉన్నదే మేలు. నిఖార్సయిన ఒంటి చెక్క స్వరం బాగుంటుంది గానీ తేమకు త్వరగా లొంగుతుంది.

వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తీగలు తుడవాలి. నిమ్మెక్కిన గోడకు ఆనించకూడదు. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్‌ పొట్లాలు పారేయకుండా గిటారు సంచిలో వేస్తే తేమ పీల్చుకుంటాయి. ఎండలో నిలిపిన కారులో వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది.

ఇక ఇప్పటికే ఇంట్లో ఒక గిటారు మూలపడి ఉంటే, కొత్తది కొనేముందు దాన్ని దింపి చూడటం మంచిది. తీగలు మార్చి, ఎత్తు కొలిచి, అవసరమైతే తగ్గించి మళ్ళీ పిల్లల చేతికివ్వాలి. 'వాడికి రాదు' అన్న మాట ఆ తర్వాత కూడా నిలుస్తుందేమో అప్పుడు చూడొచ్చు.