కట్టు విప్పగానే వచ్చిన వాసన

మా చీడికాడ ప్రాంతంలో బెల్లం వండేవారికి పాకం ముదిరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. పెనం దగ్గర వాసన చాలును. వైద్యుని ముక్కుకు కూడా ఒకప్పుడు అటువంటి గౌరవమే ఉండేది.

చెరకు నరుకుతూ కాలు తెగిన ఒక రైతుకు నేను అలవాటు ప్రకారం అమాక్సిసిలిన్ వ్రాసి ఇచ్చాను. ఐదు రోజుల తరువాత కట్టు విప్పితే పచ్చని చీము, పండిన ద్రాక్షల వాసన. సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా వెలువరించే 2-అమైనోఅసిటోఫినోన్ వాసన అది. ఆ సూక్ష్మజీవికి అమాక్సిసిలిన్ లొంగదు. చీమును విశాఖపట్నం పంపితే మూడు రోజులకు కల్చర్ ఫలితం వచ్చింది. ముక్కు చెప్పినదే అందులోనూ ఉన్నది. కాని మొదటి ఐదు రోజులు వృథా అయినవి. ఆ తప్పు నాదే.

బ్యాక్టీరియా తాము తిన్నదానిని విచ్ఛిన్నం చేసుకొనే క్రమంలో తేలికగా ఆవిరయ్యే పదార్థాలను విడుస్తాయి. ఇ.కోలై విడిచేది ఇండోల్. (మల్లెపూలలోనూ అది లేశమాత్రం ఉంటుందంటే మీరు నమ్ముతారా?) 2012లో నెదర్లాండ్స్‌లో క్లిఫ్ అనే బీగిల్ జాతి కుక్క, క్లాస్ట్రిడియం డిఫిసిల్ సోకిన రోగులను మంచాల ప్రక్కన నడుస్తూనే గుర్తించింది. ఈ పనిని యంత్రాలచేత చేయించాలన్నదే ‘ఎలక్ట్రానిక్ ముక్కు’ పరిశోధకుల ప్రయత్నం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1948లో ఆరియోమైసిన్‌ను వెలువరించింది. పలు జాతుల బ్యాక్టీరియాపై పనిచేసే ఆ మందు, రోగకారకమేదో తేలేవరకు ఆగలేని వైద్యునికి వరమైనది. ఆ వరాన్ని మనం దురలవాటుగా మార్చుకొన్నాము. వైరస్ వలన వచ్చే జలుబుకు సైతం యాంటీబయాటిక్ మింగుతున్నాము. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతున్నది.

కనుక ఇటువంటి యంత్రం ముందుగా రావలసినది నగరపు కార్పొరేట్ ఆసుపత్రికి కాదు, ప్రయోగశాల దూరమైన పల్లె ఆసుపత్రికి అని నా అభిప్రాయం. అయితే ఒక చిక్కున్నది. ఊపిరిలో రోగపు వాసన ఒక్కటే ఉండదు. తిన్న వెల్లుల్లి, కాల్చిన చుట్ట కూడా ఉంటాయి. అడ్డపొగ త్రాగే మా ప్రాంతపు అవ్వల ఊపిరిని ఎన్నడూ ఎరుగని విదేశీ యంత్రం ఇక్కడ తికమక పడకుండా ఉంటుందా? దానిని మన ప్రజల మీదనే పరీక్షించి, కల్చర్ ఫలితాలతో సరిపోల్చాకే కొనాలి.

అంతవరకు, మానని పుండుకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కు చీము తీయవలసి ఉన్నదేమో మీ వైద్యుని అడగండి. కట్టు విప్పినపుడు వాసన మారితే, సిగ్గుపడక అదీ చెప్పండి.