నిశ్శబ్దమునకు వెల

బెజవాడ వారధి దాటి గుంటూరు దారిన పోవువారికి తాడేపల్లి, కుంచనపల్లి ప్రాంతములందును, బందరు దారిన పోవువారికి కానూరు, పోరంకి పరిసరములందును ఎత్తైన గోడలు, కావలివాండ్రు నిలిచిన గేట్లు కన్పట్టును. లోపల విల్లాలు, చెట్లనీడలు, నిశ్శబ్దము. బెంజిసర్కిలు రొదతో విసిగినవాడు అచ్చట తొలిరాత్రి హాయిగా నిద్రించును. ఆ సుఖమును మేము పరిహసింపము. మంచి గాలియు, పిల్లలు భయములేక ఆడుకొను వీధియు కోరుట నేరము కాదు.

అయితే మరునా డుదయమున ఇంట కొత్తిమీర కట్ట కావలసివచ్చును. అప్పుడు తెలియును అసలు సంగతి. అంగడికి కారు, బడికి కారు, వైద్యునికడకు కారు, కోవెలకును కారు! కారు తోలు కుమారుడు ఉద్యోగమునకు పోయెనా, తక్కినవారు సాయంకాలము వరకు ఖైదీలే. గవర్నరుపేటలో తానై నడచిపోయి, పత్రిక కొని, నలుగురితో మాటలాడి, కాఫీ త్రాగి వచ్చిన పెద్దమనిషి నేడు "అమ్మాయీ, వీలున్నప్పుడు నన్నొకసారి దింపెదవా?" అని కోడలిని అడుగవలసి వచ్చుచున్నది. ఆయన కాళ్లు చక్కగనే యున్నవి. నడువదగిన దారియే లేదు. లారీలు దూసికొనిపోవు జాతీయరహదారిని దాటి రమ్మని డెబ్బదియేండ్లవానితో ఎవరు చెప్పగలరు?

అమెరికాలో డల్లాసు పొలిమేరలందలి బిడ్డలయింట ఆరునెలలుండి వచ్చిన తలిదండ్రుల మాట మనవారు వినియేయున్నారు: అన్నియు బాగున్నవి, కారు లేక మాత్రము గడప దాటలేము. ఆ బంధనమునే మనమిచ్చట సొమ్ముపోసి కొనుచున్నాము.

ఆ యిండ్లలో అంట్లు తోము స్త్రీ గతి మరియొకటి. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పించిరి. మంచిపనియే. కాని బస్సు పెద్దరోడ్డుమీదనే ఆగును. అచ్చటినుండి గేటువరకు ఆమె ఆటోకు డబ్బిచ్చుకొనవలెను, లేదా దుమ్ములో నడువవలెను.

మన డెల్టా యిట్లు పెరిగినది కాదు. 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు పొలములకు నీటినే గాక మనుష్యులను, ధాన్యమును గూడ మోసినవి. బందరు కాలువమీదను, ఏలూరు కాలువమీదను పడవలు నడచినవి. పిదప రైళ్లు, బస్సులు వచ్చినవి. సొంతబండి లేనివాడును ఊరు దాటగలిగెను. ఇప్పుడో, ముందు గోడ లేచుచున్నది. దారి మాట తలచువారు లేరు.

లేఅవుటుకు అనుమతి నిచ్చువారు లోపలి రోడ్డు వెడల్పును, పార్కుస్థలమును కొలుచుచున్నారు. గేటునుండి బస్సు ఆగు చోటికి గల దూరమునుగూడ కొలువవలెను. అంతవరకు కాలిబాట వేయించినగాని అనుమతి నీయరాదు. ఇక ఇదివరకే వెలసిన కాలనీల మాట. పెక్కింటికి వెనుకగోడ కావలనే పాత ఊరు గలదు. అచ్చట కిరాణాకొట్టు, కోవెల, టీ దుకాణము, అన్నియు నున్నవి. నూరడుగుల దూరమునకు రెండుమైళ్లు చుట్టి కారులో పోవుచున్నారు. ఆ గోడకొక చిన్న తలుపు పెట్టించి, పగటివేళ నొక కావలివాని నుంచినచో ఎంత ఖర్చగును? నెలనెలా నిర్వహణరుసుము వసూలుచేయు సంఘములవారు వచ్చు సమావేశమున ఆ తలుపు మాట ఎత్తుదురు గాక.