ఇంకో రకం మాగజైన్

మీ చేతిలో ఉన్న ఈ వారపత్రికకూ, పిస్తోలు పిడిలో తూటాలు నింపి దూర్చే పెట్టెకూ ఇంగ్లీషులో పేరొకటే: మాగజైన్. మూలం అరబ్బీ మాట. సామాను దాచే కొట్టు అని అర్థం. సీరియలు ఒక వారం రాకపోతే మీరు సంపాదకుడికి ఉత్తరం రాస్తారు. ఆ పెట్టెలోంచి తూటా రాకపోతే ఎవరికి రాసుకోవాలి?

2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి పతకం గెలిచింది. ఆ పోటీ రెండో భాగంలో ఒక్కొక్క గుండుకూ గడువు 3 సెకన్లే. అప్పుడు పెట్టె మొరాయిస్తే ఎంత సాధన చేసిన చెయ్యయినా తడబడుతుంది.

అందుకే, పిల్లను షూటింగు క్లబ్బులో చేర్చిన తల్లిదండ్రులారా, పిస్తోలు చేసిన కంపెనీవారి పెట్టెలే కొనండి. దాని నోటి దగ్గర రెండు రేకు పెదవులుంటాయి. తూటాను పట్టి ఉంచేవీ, సమయానికి వదిలేవీ అవే. సిమెంటు నేలమీద పడి రవ్వంత వంగినా చాలు, తూటా అడ్డం తిరుగుతుంది. లోపలి స్ప్రింగు బలహీనపడినా అంతే.

ఆ పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. దాని అడుగున సన్నని అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కిందిదానికి ముందుండాలి. వెనక పడిందా, రెండూ తగులుకుని కదలవు. నింపినవారి తప్పుకు పాపం పెట్టెను తిడతారు!

ప్రతి పెట్టె అడుగునా ఒక అంకె వేయించండి. ఏది ఎన్నిసార్లు మొరాయించిందో నోటుబుక్కులో రాయించండి. "ప్రాక్టీసుకు పనికొస్తుందిలే" అని చెడ్డదాన్ని సంచిలోనే ఉంచే పొదుపరులున్నారు. పోటీనాడు చేతికి తగిలేది అదే.