మన ముసలోళ్ల గొంతు ఎవరి కంప్యూటర్‌లో ఉండాలి?



అందరం కలిసి డబ్బు వేసుకొని వీడియో ఎడిటింగ్‌కి ఒక కంప్యూటర్ పెట్టుకుందామని పోయిన ఆదివారం మేము కొందరం అన్నాం. వెంటనే మూడు రకాల జవాబులొచ్చాయి. "ఫోన్లో అయిపోయే పనికి కంప్యూటర్ ఎందుకు?" అన్నారు కొందరు. "కొంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డుతోనే కొందాం, లేకుంటే వద్దు" అన్నారు ఇంకొందరు. "కోచింగ్ ఫీజుకే దిక్కు లేదు, ఇప్పుడిదేం పని?" అన్నారు మరికొందరు. మూడు మాటలకీ జవాబు చెప్పాలనే ఈ పోస్టు. కొంచెం పొడవుంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా అనుభవం చెప్తాం. పోయినేడాది ఒక ఎరుకల అవ్వ దగ్గర కూర్చొని గంటన్నర వీడియో తీశాం. బుట్ట అల్లుతూ తన చిన్ననాటి సంగతులన్నీ తన భాషలోనే చెప్పింది. ఎడిటింగ్ మాకెవరికీ రాదు కాబట్టి టౌన్లో ఒక స్టూడియోకి ఇచ్చాం. నాలుగు నిమిషాల వీడియో చేసిచ్చారు. అవ్వ మాట్లాడేచోట సినిమా పాట పెట్టారు. ఇదేందన్నా అంటే, "అర్థం కాని భాష ఎవరు చూస్తారబ్బా, మ్యూజిక్ ఉంటే బాగుంటుంది" అన్నారు. పోనీ ఒరిజినల్ ఇవ్వమంటే, కార్డు ఫార్మాట్ చేసేశామన్నారు. సంక్రాంతికి ముందు ఆ అవ్వ పోయింది. ఇప్పుడు మా దగ్గర మిగిలింది నాలుగు నిమిషాలు. అందులో ఆమె గొంతు వినిపించేది నలభై సెకన్లు.

ఆ స్టూడియో అన్న మీద మాకేం కోపం లేదు. ఆయన పెళ్లి వీడియోలు చేసే పద్ధతిలోనే ఇదీ చేశాడు. తప్పు మాది. ఎడిటింగ్ అంటే ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నిర్ణయించే అధికారం. ఆ అధికారాన్ని మనం వేరేవాళ్ల చేతికిచ్చి గమ్మున కూర్చున్నాం.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేయించాడు. అందులో యానాదులున్నారు, ఎరుకలవాళ్లున్నారు, లంబాడీలున్నారు. ఫోటోలు తీశారు, తలల కొలతలు, ముక్కుల కొలతలు రాసుకున్నారు. ఏం రాయాలో మనవాళ్లను అడిగినవాళ్లు లేరు. నూరేళ్లు దాటినా మన గురించి వెతికితే ముందు దొరికేది ఇట్లాంటి పుస్తకాలే.

ఇంకో సంగతి చూడండి. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ దీవి యానాదులు తరతరాలుగా బతికిన చోటు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు వాళ్లు అడవి వదిలి రావలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరింది. రాకెట్లు ఎగిరే వీడియోలు హెచ్‌డీలో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. దీవి వదిలి వచ్చిన అవ్వలూ తాతలూ తమ మాటల్లో చెప్పుకున్న వీడియోలు మీ ఫోన్లో ఎన్ని ఉన్నాయి? అప్పటికి ఇరవై ఏళ్లున్న మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. మనం ఉద్యోగాలు తెచ్చుకొని, స్థిరపడి, ఆ తర్వాత తీరిగ్గా తీద్దామంటే వాళ్లు అంతదాకా ఉండరు.

ఇక మొదటి మాట. ఫోన్లో అయిపోదా? తీయడానికి ఫోన్ చాలు, అందులో అనుమానం లేదు. నిమిషం రీల్‌కి ఎడిటింగ్ కూడా ఫోన్లోనే అవుతుంది. కానీ రెండు గంటల మాట, దానికి వేరే రికార్డర్లో తీసిన ఆడియో, కింద తెలుగు అక్షరాలు, ఇవన్నీ ఫోన్లో కష్టం. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఫోన్ నిండుతుంది. నిండగానే మనం ముందు తీసేసేది పొడవైన వీడియోనే. లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకు సుమారు 7.5 జీబీ అవుతుంది. ఇరవై మంది పెద్దవాళ్లు తలా రెండు గంటలు మాట్లాడితే 300 జీబీ. ఇది మన ఫోన్లలో పట్టదు. అదే 4 టీబీ హార్డ్ డిస్కులో అయితే ఐదువందల గంటలు పడుతుంది.

రెండో మాట, పెద్ద గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడే మేము గట్టిగా చెప్పదలుచుకున్నాం. ముందు కొనాల్సింది అది కాదు. మా వరస ఇది: మొదట మైకు, హెడ్‌ఫోన్. తర్వాత రెండు హార్డ్ డిస్కులు. తర్వాత యూపీఎస్. ఆ తర్వాత కంప్యూటర్. గ్రాఫిక్స్ కార్డు ఆఖర్న, డబ్బు మిగిలితే.

మైకు ముందెందుకంటే, బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తాం, మాట వినపడకపోతే అయిదు నిమిషాలు కూడా కూర్చోం. ఎరుకల భాషకు, సుగాలీల గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆ భాష ఉండేది గొంతులోనే. అందుకే ఒక కాలర్ మైకు పెట్టాలి. ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో, వేవ్ ఫైలుగా తీయాలి, ఎంపీ3గా వద్దు. 24 బిట్లలో ఒక మైకు రికార్డింగు గంటకు అర జీబీయే అవుతుంది, అంతమాత్రం దానికి పొదుపు చెయ్యక్కర్లేదు. గొంతు గట్టిగా లేచినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఉంటే మేలు, సున్నాకు తగిలితే పగిలిన శబ్దం మళ్లీ బాగుపడదు. తీసేటప్పుడే ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకొని వినాలి. ఫ్యాను ఆపాలి, కోళ్లను అవతలికి తోలాలి. గదిలో గొంతు మోగుతుంటే గోడలకు నాలుగు బొంతలు వేలాడదీస్తే చాలు.

ఫోన్‌తో తీసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు కింద వీడియో మినుకుమినుకుమంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. రెండోది, చానా ఫోన్లలో సెకనుకు ఇన్ని ఫ్రేములని స్థిరంగా ఉండదు, పెరుగుతా తగ్గుతా ఉంటుంది. దాన్ని అట్లే ఎడిటింగ్‌లో వేసి విడిగా తీసిన ఆడియోను కలిపితే, పోనుపోను పెదాలొకచోట మాటొకచోట అవుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందే ఫ్రేములను స్థిరంగా మార్చుకోవాలి. రికార్డింగ్ మొదట్లో ఒక చప్పట్లు కొడితే ఆ శబ్దం దగ్గర రెండింటినీ కలుపుకోవచ్చు.

కంప్యూటర్ విషయానికొస్తే, ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ అయినా పర్వాలేదు. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ప్రస్తుతం చేస్తున్న పనికి 500 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే హెచ్‌డీకి సరిపోతుంది. ఫోన్ వీడియో ఎడిటింగ్‌లో ఆగి ఆగి ఎందుకు కదులుతుందంటే, అందులో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ముందు వెనక ఫ్రేములతో తేడా మాత్రమే దాచి పెడుతుంది, కంప్యూటర్ ప్రతిసారీ లెక్కగట్టుకోవాలి. దీనికి మందు ప్రాక్సీ. అంటే ప్రతి క్లిప్పుకీ చిన్న సైజు నకలు చేసుకొని, ఆ నకళ్ల మీద కట్ చేసి, చివర్లో సాఫ్ట్‌వేర్‌ చేతనే అసలు ఫైళ్లను జతచేయించడం. కేడెన్‌లైవ్‌లో, షాట్‌కట్‌లో, డావించి రిజాల్వ్‌లో కూడా ఈ సదుపాయం ఉంది. మొదటి రెండూ పూర్తిగా ఉచితం, గ్రాఫిక్స్ కార్డు లేకున్నా నడుస్తాయి. రిజాల్వ్ ఉచిత వెర్షన్ కూడా మంచిదే, కానీ దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి, లినక్స్‌లో అయితే మామూలు ఫోన్ వీడియోను తెరవదు. ఉచితంగా ఇన్ని ఉన్నప్పుడు క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. దాంతోపాటు వచ్చే వైరస్ ఒక్క రాత్రిలో డిస్కు మొత్తం తినేస్తే, మనం మళ్లీ ఆ నలభై సెకన్ల దగ్గరికే వస్తాం.

డిస్కులు రెండు ఎందుకంటే, ఒకటి పోవడం ఖాయం, ఎప్పుడన్నదే తెలీదు. రెండింట్లోనూ ఒకే సరుకుండాలి, రెండూ వేరే వేరే ఊళ్లలో ఉండాలి. కరెంటు పోతే రాసే ఫైలు సగంలో పాడవుతుంది కాబట్టి యూపీఎస్. మన ఎండలకు, దుమ్ముకు సీపీయూ మీద గుడ్డ కప్పి పనిచేయించకండి, నెలకోసారి ఫ్యాను దుమ్ము దులపండి.

"ఇవన్నీ మనకెట్ల వస్తాయి?" అనుకునేవాళ్లకు ఒక మాట. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని పేద దళిత మహిళలు, బడి మొహం చూడనివాళ్లు కూడా, కెమెరా పట్టి ఎడిటింగ్ నేర్చుకొని తమ వ్యవసాయం మీద సినిమాలు తీశారు. కంటి ఎత్తున, మనిషికి సమానంగా కెమెరా పెట్టి తీసే షాట్‌కి 'సంఘం షాట్' అని తామే పేరు పెట్టుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సొంత రేడియో కూడా మొదలుపెట్టారు. వాళ్లకు వచ్చింది డిగ్రీలు చదివే మనకు రాదా?

మూడో మాట, కోచింగ్ ఫీజు. ఈ మాట అన్నవాళ్లను తప్పుపట్టం. హాస్టల్లో ఉండి డీఎస్సీకీ, గ్రూప్స్‌కీ చదివేవాళ్ల కష్టం మాకు తెలుసు, మాలోనే సగం మంది వాళ్లు. అందుకే ఎవరి ఫీజు డబ్బూ అడగడం లేదు. ఉద్యోగాల్లో ఉన్న మన సీనియర్లనే అడుగుదాం. పగలు అప్లికేషన్లకు, ప్రాజెక్టులకు ఆ కంప్యూటర్ అందరూ వాడుకోవచ్చు. ఎడిటింగ్ నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అని అబద్ధం చెప్పం. కానీ పరీక్షలు ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తాయి. ఆ అవ్వ మళ్లీ రాదు.

చివరిగా, మెషిన్ మనదైనంత మాత్రాన అయిపోలేదు. స్టూడియో అన్న చేసిన తప్పు రేపు మనమూ చెయ్యొచ్చు. కాబట్టి ఐదు నియమాలు గోడకు అంటిద్దాం. అసలు ఫుటేజీని ఎవరూ చెరపకూడదు. మాట్లాడిన మనిషికి చూపించి, సరేనన్నాకే బయటపెట్టాలి. యానాది తాతల పసరు మందుల వివరాలు, కులదేవత పూజలు వాళ్లు వద్దంటే డిస్కులోనే ఉండాలి, రీల్స్‌లోకి పోకూడదు. ప్రతి ఇంటికీ వాళ్ల వీడియో నకలు ఇవ్వాలి. తాళం ఇద్దరి దగ్గరుండాలి, ఆ ఇద్దరిలో ఒకరు మన చెల్లెళ్లలో ఉండాలి.

వచ్చే ఆదివారం తిరుపతిలో కూర్చుందాం. ఎంత వేయగలరో తర్వాత చెబుదురు. ముందు మీ ఊళ్లో డెబ్బై దాటినవాళ్లు ఎవరెవరున్నారో, ఏ భాషలో మాట్లాడతారో ఒక కాగితం మీద రాసుకొని రండి. ఆ కాగితం చూశాక కూడా కంప్యూటర్ ఇప్పుడొద్దనిపిస్తే, మేము ఇంకో మాట మాట్లాడం.

ఉంటాం. జై ఆదివాసీ.