ఆ చివరి వారాలు పిల్లలకు వదిలేయండి

మా పెద్దమ్మాయి పదో తరగతి దాకా మన బడిలోనే చదివింది. చిన్నవాడు ఇప్పుడు తొమ్మిదిలో ఉన్నాడు. పిల్లలను విదేశాలకు ఎలా పంపాలి, ఏ పరీక్ష రాయించాలి, లోను ఎక్కడ దొరుకుతుంది అని ఈ పేజీల్లో చాలానే చదివాను. వెళ్లిన పిల్లలను ఎప్పుడు వెనక్కి పిలవాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ విషయంలో నేను తప్పు చేశాను కాబట్టి నేనే రాస్తున్నాను.

గత ఏడాది ఏప్రిల్‌లో, బీటెక్ మూడో సంవత్సరంలో, మా అమ్మాయి ఒక సెమిస్టర్ చదవడానికి బెర్లిన్ వెళ్లింది. జర్మనీలో వేసవి సెమిస్టర్ కాగితం మీద సెప్టెంబర్ 30 దాకా ఉంటుంది. తరగతులు మాత్రం జులై మధ్యలోనే అయిపోతాయి, ఆ వెనకే పరీక్షలు. నేను ముందుచూపు అనుకుని ఫిబ్రవరిలోనే రానూపోనూ టికెట్ కొన్నాను. తిరుగు ప్రయాణం జులై 24. ఆగస్టు మధ్యలో అయితే ఇంకో పద్దెనిమిది వేలు ఎక్కువ. "పరీక్షలు అయ్యాక అక్కడ పనేముంది?" అన్నాను. మావారూ అదే అన్నారు. అమ్మాయి "సరే అమ్మా" అంది. మన పిల్లలు "సరే" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఒక్కసారి మీరే లెక్క వేయండి. మొదటి నెల అంతా ఆఫీసుల చుట్టూ తిరగడానికే సరిపోయింది. అడ్రసు నమోదు, బ్యాంకు ఖాతా, బ్లాక్ చేసిన ఖాతాలోంచి నెలనెలా డబ్బు వచ్చే ఏర్పాటు. ఆదివారం దుకాణాలు మూసేస్తారని తెలియక మొదటి ఆదివారం గదిలో బియ్యం లేక బిస్కెట్లతో గడిపింది. మే, జూన్ చదువుకే పోయాయి. జులై వచ్చేసరికి ఏ రైలు ఎక్కాలో బోర్డు చూడకుండా తెలిసింది, రొట్టెల షాపామెతో నాలుగు మాటలు జర్మన్‌లో మాట్లాడగలిగింది, వంట చేస్తే పిలవడానికి నలుగురు స్నేహితులు ఏర్పడ్డారు. సరిగ్గా అప్పుడు నేను రమ్మన్నాను. పప్పూ కూరా అయ్యాక, పెరుగు వడ్డించకముందే పిల్లను విస్తరి ముందు నుంచి లేపినట్టు చేశాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మేం భోజనాలు అయ్యాక, రాత్రి తొమ్మిదిన్నరకు వీడియో కాల్ చేసేవాళ్లం. వేసవిలో వాళ్లకూ మనకూ మూడున్నర గంటల తేడా. అంటే అక్కడ సాయంత్రం ఆరు. బెర్లిన్‌లో జూన్ నెలలో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు గానీ అస్తమించడు, అక్కడివాళ్లు బయటికి బయల్దేరే వేళే అది. రోజూ ఆ గంటసేపు మా అమ్మాయి గదిలో కూర్చుని, ఏం తిన్నావు, ఎక్కడికెళ్లావు అన్న మా ప్రశ్నలకు జవాబులు చెప్పేది. ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోబెట్టింది మేమే! వాళ్ల స్నేహితులు టెంపెల్‌హోఫ్ మైదానానికి వెళ్లేవారట. అది ఒకప్పుడు విమానాశ్రయం. 2008లో మూసేశారు, 2010లో పార్కుగా తెరిచారు. ఇప్పుడు రన్‌వే మీద జనం సైకిళ్లు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు, గడ్డిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. మా అమ్మాయి అక్కడికి వెళ్లింది మొత్తం మూడుసార్లు. ఒకసారి మా ఇంట్లో కరెంటు పోయి కాల్ కుదరని రోజు.

డబ్బు మాట కూడా చెప్పుకుందాం, అది చిన్న విషయమని నేను అనను. గది అద్దె జులై నెలాఖరు దాకా ముందే కట్టాం. ఫీజుతో పాటు ఇచ్చిన సెమిస్టర్ టికెట్ మీద, వేగపు రైళ్లు తప్ప దేశమంతటా లోకల్, రీజినల్ రైళ్లలో సెప్టెంబర్ చివరి దాకా తిరగొచ్చు. ఆ టికెట్‌తోనే స్నేహితులంతా ఆగస్టు మొదట్లో బాల్టిక్ సముద్రం చూడటానికి వార్నెముండే వెళ్లారు. మా అమ్మాయి అప్పుడు విజయవాడలో ఉంది. ఫోనులో వాళ్ల ఫొటోలు చూపించి, "ఈ చివర ఉన్నది నా సైకిలే అమ్మా, వాళ్లకిచ్చి వచ్చాను" అంది. నేను మిగిల్చిన పద్దెనిమిది వేలు ఆ రోజు నాకేం గొప్పగా అనిపించలేదు.

క్యాంపస్ ఇంటర్వ్యూల సంగతేమిటని మీరు అడుగుతారు. నా భయమూ అదే. కానీ తేదీలు కాలేజీని అడిగి తెలుసుకోకుండానే నేను భయపడ్డాను. మొదటి కంపెనీ వచ్చింది ఆగస్టు చివర్లో. నిజంగా ముందే ఉంటే రావాల్సిందే, అందులో వాదన లేదు. చేతిలో డబ్బు లేని ఇంటికి కూడా ఈ సలహా వర్తించదు. నేను మాట్లాడేది ఊరికే, అలవాటుగా, పిల్లలను తొందరపెట్టే మనలాంటి వాళ్ల గురించి.

పైగా ఆ చివరి వారాల్లో తిరుగుడు ఒక్కటే ఉండదు. దేశం వదిలేముందు అడ్రసు రద్దు చేయించుకోవాలి. హాస్టల్ కేర్‌టేకర్ వచ్చి గది చూసేలోగా పొయ్యి, ఫ్రిజ్ తళతళలాడించాలి, లేదంటే డిపాజిట్‌లో కోత. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్ల అవెన్ లోపల పడుకున్నంత పని చేసి తోమిందట. పోగుపడ్డ ప్లాస్టిక్ సీసాలు సూపర్ మార్కెట్ మెషిన్‌లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కిస్తారు. ఆ చిల్లరతో నాకు చాక్లెట్లు కొనింది. నేనేమో ఆ వారంలోనే బంధువుల కోసం పదిహేడు వస్తువుల జాబితా వాట్సాప్‌లో పంపాను. 23 కిలోల పెట్టెలో తన వస్తువులు ఏం వదిలేసి అవన్నీ పట్టించిందో నేను అడగలేదు.

వచ్చే ముందురోజు ఏం చేశావని మాత్రం అడిగాను. నగరం చుట్టూ తిరిగే రింగ్ రైలు ఒకటుంది. 27 స్టేషన్లు, ఒక చుట్టుకు దాదాపు గంట. ఎక్కిన చోటే దిగొచ్చు. ఒక్కతే ఎక్కి రెండు చుట్లు తిరిగిందట. "ఎందుకే?" అన్నాను. "ఊరికే, చూడాలనిపించింది" అంది.

ఈ ఏప్రిల్‌లో మా అక్క కొడుకు వెళ్తున్నాడు. మొన్న అక్క ఫోన్ చేసి, జులై 20కి తిరుగు టికెట్ చౌకగా ఉంది, కొనేయనా అని అడిగింది. ముందు వాడిని అడుగు అన్నాను. "వాడు సరే అన్నాడే" అంది. "సరే అన్నాడు కాబట్టే ఇంకోసారి అడుగు" అన్నాను.